మూడు లెక్కపెట్టేదాక

పాత సీస ఒకప్పుడు అద్దాలు తుడిచే మందుది.
నీలం ఎప్పుడో పోయింది, వాసన ఇంక పోలే.
పొద్దున ఆరున్నరకు
దాంట్లనే నల్లా నీళ్ళు పోసి కిన్నెర జుట్టు తడుపుత.
ఉంగరాల జుట్టు.
పొడిగ దువ్వితే దువ్వెన పండ్లు ఊడ్తయ్.
స్వరూప రాత్రి డ్యూటీ దిగి
దవాఖాన నుంచి వచ్చేసరికి
స్కూల్ ఆటో మా గల్లీ దాటిపోయి ఉంటది.
అందుకే జడలు నా పని.

మీట నొక్కుత.
అది చిమ్మదు, ఉమ్ముతది.
ఒకటే ధార పోయి మెడ మీద తగుల్తది.
పిల్ల భుజాలు చెవుల దాక లేస్తయ్.
"ఊకో, నీళ్ళే గద" అంట.
రెండేండ్ల సంది అదే మాట అంటున్న.

ఆదివారం బేగంబజార్.
బండి ఎక్కడ్నో పెట్టి
ఇత్తడి గంగాళాలు, పెండ్లి కార్డులు,
ఒకదాంట్లొకటి దూరి నిలబడ్డ బకెట్లు దాటుకుంట
గిర్ధారీ సేఠ్ దుకాణం.
సీసలు దండలు గట్టి వేలాడుతున్నయ్
సైకిల్ మీద కోళ్ళ లెక్క, తలకిందులుగ.

"జుట్టుకా, చెట్లకా, ఇస్త్రీకా?"
"అన్నిటికి."
"అన్ని పనులు వచ్చినోనికి
ఒక్కటి సక్కగ రాదు భాయ్" అన్నడు,
అనుకుంటనే అట్టముక్క ఒకటి చింపి బల్ల మీద పెట్టిండు.

ముప్పై రూపాయలది:
ధార అట్టను దాటిపోయి
క్యాలెండర్‌ల దేవుని పాదాలు కడిగింది.
అరవైది: సన్నగనే కొట్టింది గాని
మూత కాడ కారి నా మణికట్టు దాక పాకింది.
ఇంకోటి అట్ట మీద చిరుతపులి మచ్చలు పెట్టింది.
"మచ్చలు వడ్తే వద్దు," అన్నడు సేఠ్,
"అట్ట మొత్తం ఒక్కతీరుగ నల్లబడాలె."

ఆఖరికి నూట ఎనభైది.
"ఒక్కసారి నొక్కి ఇడిచిపెట్టు."
ఇడిచిన. అది ఆగలే.
మూడు లెక్కపెట్టేదాక
పొగో మంచో తెల్వనట్టు వస్తనే ఉంది.
ట్యూబ్‌లైట్ కింద జర సేపు నిలబడి
కింద పడకుంటనే మాయమైంది.
అరచెయ్యి తడిసిందో లేదో తెల్వలే,
సేఠ్ కండ్లద్దాలు మాత్రం మసకబారినయ్.

నూట ఎనభయ్యా?
నీళ్ళు చల్లుటానికా?

సేఠ్ వాదులాడలే.
నా సంచిలకెల్లి తొంగిచూస్తున్న పాత సీసను గుంజిండు.
"జర అటు తిరుగు."
తిరిగిన.

మెడ వెనుక, వెంట్రుకలు మొదలయ్యే కాడ
సూది లెక్క ఒక్క చల్లటి పోటు.
నా భుజాలు చెవుల దాక లేచినయ్.
నోట్లెకెల్లి వచ్చిన మాట ఇక్కడ రాయ.
పక్క దుకాణం పిల్లగాడు పగలబడి నవ్విండు.
సేఠ్ నవ్వలే.
"నీళ్ళే గద" అన్నడు.

బేరం ఆడలే.
ఆడితే ఇరవై తగ్గిచ్చేటోడేమో.
పైసలు గల్లల ఏసుకుంట చెప్పిండు:
బోరు నీళ్ళు పొయ్యకు, ఉప్పు వట్టి దాని నోరు మూసుకపోతది.
నూనె కలపకు.
ఎండల పెట్టకు.
పండవెట్టకు, నిలబెట్టు.
ఇంటికి సుట్టమొస్తున్నట్టే చెప్పిండు.

సోమవారం పొద్దున
కిన్నెర ఎప్పటి లెక్కనే
భుజాలు ముందే లేపి, కండ్లు గట్టిగ మూసుకొని కూసుంది.
నొక్కిన.
ఒకటి.
రెండు.
మూడు.
ఉంగరాలన్ని ఒక్కసారి బరువెక్కి కిందికి సాగినయ్.
ఒక్క బొట్టు రాలలే.

"ఎప్పుడు కొడ్తవ్ నాయినా?"
"కొట్టిన బిడ్డా."
కండ్లు తెరిచి
నన్ను గాదు, సీసను చూసింది.

భుజాలు దిగుటానికి మాత్రం
గురువారం దాక పట్టింది.

ఇప్పుడు దాంతోనే
పెయింట్ డబ్బల కరివేపాకుకు రెండు సార్లు,
అద్దానికి ఒకసారి,
ఎనిమిదింటికి చెప్పులన్న ఇడవకుండ
కూలర్ ముంగట కూలబడే స్వరూప ముఖానికి
ఎన్నిసార్లో లెక్కలేదు.

పాతదాన్ని పారెయ్యలే.
ఆమె తెల్లకోటు కాలర్‌కు ఇస్త్రీ చెయ్యాలంటే
ఆ లావు బొట్లే కావాలె.
బల్ల కిందికెల్లి తీసినప్పుడల్ల
చెయ్యి కంటే ముందుగాల
మెడ గుర్తుపడ్తది.